హూరినిసా డైపర్ల లెక్క

ఉజ్గెన్ ఊరి బజారులో హూరినిసా డైపర్లు విడిగా అమ్ముతుంది. పసిబిడ్డ ఉన్న ఇంటినుంచి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే. "అక్కా, రోజుకెన్ని కావాలి?"

"మొదటి నెల పది. బాగా పాలు తాగే పిల్లయితే పన్నెండు. ఆరు చాలన్నవాళ్లు బిడ్డ తడిసిందో లేదో చూడనివాళ్లు."

నాలుగు కొట్ల అవతల ఆమె మొగుడు అబ్దునబీ చెక్క ఊయలలు చేస్తాడు. ఆ ఊయలలో బిడ్డను గుడ్డపట్టీలతో కట్టి పడుకోబెడతారు. కాళ్ల మధ్య పెట్టిన చెక్క గొట్టం, మగపిల్లాడికి ఒక తీరుది, ఆడపిల్లకి ఇంకో తీరుది, తడినంతా పరుపు కింది కుండలోకి దించేస్తుంది. "నా ఊయల కొంటే మా ఆవిడ కొట్టుకెళ్లే పనుండదు," అని బేరానికొచ్చినవాళ్లతో అంటాడు, ఆమెకు వినపడేలాగే. నిజానికి హూరినిసా పిల్లలు నలుగురూ ఆ గొట్టంతోనే పెరిగారు. ఆ మాట మాత్రం ఆమె కొట్లో ఎత్తదు.

కూతురు మావ్జుదా నీళ్లోసుకుందని తెలిసిన రోజే అబ్దునబీ మల్బరీ చెక్క తెచ్చాడు. మొదటి కాన్పు ఊయల పుట్టింటివాళ్లే పెట్టాలి మరి. మనవడేనని ఎవరు చెప్పారో గాని, మగపిల్లాడి గొట్టమే చేసిపెట్టాడు. పుట్టింది మనవరాలు.

"గొట్టం మార్చారా?" అని అడిగింది హూరినిసా.

"ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. నువ్వు చెప్పాలా నాకు?"

ఊయల వేడుక నాడు వియ్యపురాలు సనోబర్ ఇల్లంతా ఆడవాళ్లే. పెద్దావిడ ఒకామె బిడ్డను పడుకోబెట్టి పట్టీలు బిగించింది. కాసేపటికి కొత్త పట్టుపరుపు మీద తడి మరక పాకింది. అందరూ పరుపుకేసి చూశారు, ఆ తర్వాత హూరినిసాకేసి.

"మొదటి తడి పరుపుకే దక్కాలి. మా వైపు ఆనవాయితీ," అందామె తొణక్కుండా, సంచి అడుగునుంచి డైపర్ తీస్తూ.

"మేమెప్పుడూ వినలేదే," అంది సనోబర్.

"కొండ పక్కవాళ్లం కదా వదినా."

వాకిట్లో పలావు గుండిగ దగ్గర అబ్దునబీ ఎదురొచ్చాడు. "ఊయల బాగుందన్నారా?"

"మీ ముప్పై ఏళ్ల పనితనం పరుపు మీద పారింది. ఆనవాయితీ అని చెప్పా. ఎవరైనా అడిగితే మీరూ అవుననండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే ఆడపిల్ల గొట్టం చెక్కి తనే తీసుకెళ్లి ఇచ్చొచ్చాడు.

నెల తిరిగాక సనోబర్ బజారుకొచ్చింది. తమ్ముడింట్లో వేడుకకి తనూ మొదటి తడి పరుపుకే వదిలించానని గొప్పగా చెప్పి, నూట యాభై డైపర్లు కట్టమంది.

"ఊయల ఉందిగా వదినా?" అంది హూరినిసా, మొగుడి కొట్టువైపు చూడకుండా.

"రాత్రికి ఊయలే. పగలు పిల్లని నా ఒళ్లోంచి దించనుగా. రోజుకి ఐదు పోతున్నాయి."

చిత్రిక పడుతున్న చప్పుడు ఆగింది. అబ్దునబీ పొట్టు దులుపుకుంటూ వచ్చి, ఆ కట్టల్ని వియ్యపురాలి బండిదాకా మోశాడు.