అరుణజ్యోతికి సిఫారసు లేఖ

డ్రైనేజీలకు, మంచినీటి పైపులైన్లకు డిజైన్లు చేసే ఒక కంపెనీ సివిల్ ఫైనలియర్ నుంచి ఒక పేరు పంపమని కాలేజీకి మెయిల్ పెట్టింది. ఒక్కటే పేరు. మార్కులతో పాటు సేవా కార్యక్రమాలు ముందుండి నడిపిన అనుభవం ఉండాలట, ఆ సంగతి చెబుతూ లెక్చరర్ ఇచ్చిన సిఫారసు లేఖ జతచేయాలట. ఆ కబురు విన్న రోజు నుంచి శ్రీకర్ ఆ పేరు తనదే అనుకుంటూ తిరిగాడు.

అనుకోవడానికి కారణాలున్నాయి. క్లాసులో మొదటి ముగ్గురిలో ఉంటాడు. కాలేజీలో ఏ ఫంక్షన్ జరిగినా మైకు అతని చేతిలోనే ఉంటుంది. తెనాలి నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడి, కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే తండ్రి రామారావు, "మావాడు మాట్లాడితే హాలంతా చెవులప్పగించి వింటుందండీ" అని పక్క ఫ్లాటు వాళ్లకు చెబుతూంటాడు. ఎన్ఎస్ఎస్ వాళ్లు రక్తదాన శిబిరం పెట్టినా, మొక్కలు నాటినా, ఫొటోలో ముందు వరుస శ్రీకర్‌దే.

ఎన్ఎస్ఎస్ పనులు చూసే సివిల్ లెక్చరర్ గోపయ్య సార్ మాత్రం అరుణజ్యోతి పేరు పంపాడు.

అరుణజ్యోతిది అల్మాస్‌గూడ. తండ్రి జంగయ్య నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి డీసీఎం వ్యాను నడుపుతున్నాడు. రెండేళ్ల కిందట ఎన్ఎస్ఎస్ లీడర్ని ఎన్నుకోవడానికి చేతులెత్తమంటే శ్రీకర్‌కు తొమ్మిది చేతులు లేచాయి, ఆమెకు ముప్పై నాలుగు. అప్పటి నుంచి ఆమె చేసే ప్రతి పనీ అతని కంట్లో పడుతోంది. జూనియర్లు "అరుణక్కా" అంటూ వెంట తిరగడం, గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెనే ఆపి కూతురి స్కాలర్‌షిప్ ఫారం నింపించుకోవడం. స్టేజీ మీద ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వస్తే ఆమె తడబడడం కూడా. ఈ చివరిది తలుచుకున్నప్పుడు అతనికి కాస్త హాయిగా ఉండేది.

ఆమే క్యాంటీన్‌లో అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"సార్ లెటర్ నన్నే రాసుకొని తెమ్మన్నడు. సంతకం పెడ్తడంట."

అందులో వింత లేదు. సిఫారసు ఎవరికి కావాలో వాళ్లే రాసుకుని వెళ్లడం ఆ కాలేజీలో అలవాటు.

"రాసుకో మరి," అన్నాడు శ్రీకర్.

"నా గురించి నేనెట్ల రాసుకుంట? సిగ్గయితది. నీ ఇంగ్లిష్ మంచిగుంటది గద, జర రాసియ్యవా?"

"ఆ ఉద్యోగం నాక్కూడా కావాలని నీకు తెలుసా?"

"తెల్సు. అందుకే రెండ్రోజులు ఆగి అడుగుతున్న. వేరేటోళ్లకు నా సంగతి ఏం తెల్సు?"

కాదంటే ఓర్వలేక కాదన్నాడంటారు. సరేనన్నాడు.

ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుంటే తల్లి కోటేశ్వరమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏంట్రా, ఆ మీటలు పగలగొడతావా ఏంటి?"

"ఒక అమ్మాయికి లెటర్ రాస్తున్నానమ్మా."

"అయితే కాస్త మెల్లగా కొట్టు నాయనా."

చురుకైనది, కష్టజీవి, అంకితభావం గలది, నలుగురినీ కలుపుకుపోయేది. పేజీ నిండా మంచి మాటలే పెట్టాడు. ఆమె చేసిన పని మాత్రం ఒక్కటీ పెట్టలేదు. చదివినవాడికి ఏమీ గుర్తుండదని తెలిసే రాశాడు.

మర్నాడు అరుణజ్యోతి ఆ లేఖ ఇచ్చి ఎవరు రాశారో చెప్పాక, గోపయ్య సార్ అతన్ని పిలిపించాడు. "శ్రీకర్, పేరు మారిస్తే ఇది నీకు సరిపోతది, మీ క్లాసంతటికి సరిపోతది. గా పిల్ల ఏం చేసిందో రాయి. పక్కనుండి చూసినోనివి నువ్వే గద!"

అవును, చూశాడు.

కిందటేడు వానలకు ముందు అల్మాస్‌గూడలో ఆమె ఉండే కాలనీ ఎత్తుపల్లాలు కొలవడానికి వెళ్లారు. ఏటా ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి, కొత్త కాలువ ఎంత వాలుగా తవ్వాలో మ్యాపు గీసిమ్మని కాలనీవాళ్లు అడిగారు. ఆదివారం ఎనిమిది మంది బయల్దేరారు. అరుణజ్యోతి సర్వే పరికరంలోంచి చూసి అంకెలు రాసుకుంటుంటే, కొలత గీతలున్న పొడవాటి స్టాఫ్‌ను శ్రీకర్ పట్టుకున్నాడు. పరికరాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చేటప్పుడు స్టాఫ్ నిలబెట్టిన రాయి మీద నుంచి కదలకూడదు. ల్యాబులో మొట్టమొదట నేర్పే సంగతి అదే. శ్రీకర్ దాన్ని గోడకు ఆనించి, ఇన్‌స్టాలో పెట్టడానికి వీడియో తీసుకుని, తిరిగొచ్చి పక్క రాయి మీద నిలబెట్టాడు.

సాయంత్రం, పొద్దున మొదలుపెట్టిన కల్వర్టు దగ్గరికే వచ్చి సరిచూస్తే పదకొండు సెంటీమీటర్లు తేడా వచ్చింది. ఆ లెక్కతో తవ్వితే నీళ్లు మళ్లీ ఇళ్లలోకే వస్తాయి. అరుణజ్యోతి శ్రీకర్ చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూసి పుస్తకం మూసింది. "నేనే తప్పు రాసుకున్న. వచ్చే ఆదివారం మల్లా చేద్దాం."

"ఏం లీడరువే తల్లీ! ఎండకు సచ్చినం," అంది అలేఖ్య. మిగతావాళ్లు తలో మాటా అన్నారు. అరుణజ్యోతి అన్నీ పడింది. శ్రీకర్ నోరు విప్పలేదు.

తర్వాతి ఆదివారం స్టాఫ్ నిలబెట్టిన ప్రతి చోటా ఆమె వంగి రాయి మీద సుద్దతో గీత పెట్టింది. "ఈడికెల్లి జరుగకు," అంది, అతనికి మాత్రమే వినపడేలా. ఆ మ్యాపు ప్రకారమే కాలువ తవ్వారు. ఆమె అందరి ముందూ తిట్టి ఉంటే, ఆమె మీద మండిపడడానికి తనకొక సాకైనా దొరికేదని శ్రీకర్ చాలాసార్లు అనుకున్నాడు.

ఇప్పుడు అదంతా రాశాడు. మొదట 'ఒక వాలంటీర్ పొరపాటు' అని రాశాడు. చదువుకుంటే, ఆ వాలంటీర్ అలేఖ్య అయినా కావచ్చనిపించింది. అది కొట్టేసి తన పేరు పెట్టాడు. గోపయ్య సార్ చదివి, తలెత్తి అతన్ని ఒకసారి చూసి, సంతకం చేశాడు.

చైతన్యపురి మెట్రో మెట్ల దగ్గర అరుణజ్యోతి ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"నీ పేరెందుకు పెట్టినవ్? రేపు గదే కంపెనీకి నువ్వు పోతే గుర్తువట్టరా? ఆగు, సార్‌కి చెప్పి తీపిస్త."

"తీయించొద్దు."

"ఏందిరా నీ లొల్లి?"

"తీయిస్తే రెండోసారి కూడా నువ్వే నన్ను కాపాడినట్టవుతుంది. ఒక్కసారికే చచ్చిపోతున్నా నేను."

ఆమె అతన్ని తేరిపార చూసింది. "గిదా, ఇన్ని దినాల సంది నీ బాధ?"

"ఇదే."

"నాకు లేదనుకుంటున్నవా? నువ్వు స్టేజీ మీద గలగల మాట్లాడుతుంటే కడుపుల మండుతది నాకు." కాగితం ఫైల్లో పెట్టుకుంది. "సోమవారం ఇంటర్వ్యూ. నా గురించి చెప్పుమంటే ఎట్ల చెప్పాల్నో నేర్పియ్యి."

మెట్ల పక్కన ఓరగా నిలబడి ఆమె మొదలుపెట్టింది. మొదటిసారి శ్రీకర్ ఏడు తప్పులు పట్టాడు, ఒక్కటీ వదల్లేదు. పట్టిన కొద్దీ హుషారొచ్చింది. రెండోసారి రెండే దొరికాయి. మూడోసారి, రైలు దిగిన జనం ఒరుసుకుంటూ పోతున్నా ఆమె ఆగలేదు. అతను చివరి మాట దాకా చెవి ఒగ్గి విన్నాడు, ఒక్క తప్పూ దొరకలేదు.

"ఎట్లుంది?" అంది.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు శ్రీకర్.

తన మంచికే అడుగుతున్నాడనుకుని ఆమె మళ్లీ మొదలుపెట్టింది.