షక్రా వెనక కాలు

కడపలో మేముండే వీధి చివర, పాలడెయిరీ ముందు లూసర్న్ గడ్డి మోపులు దించే పొద్దుటిపూట ఆ పచ్చివాసన తగిలితే చాలు, నాలో పాత అసూయ ఒకటి కదులుతుంది. సౌదీలో గుర్రాలకు వేసే ఆ గడ్డిని బర్సీమ్ అనేవారు. నాకు పదకొండేళ్ళప్పుడు మేం అక్కడ అల్ అజీజియా అనే పేటలో ఉండేవాళ్ళం. నాయన అక్కడికి దగ్గర్లోని గుర్రాలశాలలో పనిచేసేవాడు. జేజినాయన ప్రొద్దుటూరులో జట్కా తోలిన మనిషి. నాయన గుర్రాలకు మేతా మాలీసూ చూసే సాయీసుగా ఎడారిదేశం పోయి, ఒక ముసలి అమెరికన్ దగ్గర కౌబాయ్‌ల వెస్టర్న్ స్వారీ నేర్చుకుని, చివరికి గుర్రాలకే చదువు చెప్పేవాడయ్యాడు.

నా సెలవులన్నీ ఆ శాలలోనే గడిచాయి. ఒళ్ళంతా జిగటగా ఉండే సాయంత్రాలు, నీళ్ళు చల్లిన ఇసుక మీంచి లేచే ఆవిరి, చెమటా తోలూ కలిసిన జీను వాసన, రంజాన్‌లో ఇఫ్తార్‌కు పక్క తోటవాళ్ళు పంపే మెత్తటి ఖర్జూరాలు, మామూలు రోజుల్లో అమ్మ డబ్బాలో పెట్టిచ్చే ఉగ్గాని, బజ్జీలు. ఇంట్లో అన్నం తింటూ కూడా నాయన ఎడమచేతి వేళ్ళతో చాపమీద మూడు దెబ్బల చొప్పున వాయించేవాడు. అదే లోప్, గుర్రం తీరుబడిగా పరిగెత్తే నడక. ఎటు తిరిగితే అటువైపు కాళ్ళు, ముందుదీ వెనకదీ, ముందుకు పడాలి. దాన్ని లీడ్ అంటారు. దిక్కు మార్చగానే ఆగకుండా గాల్లోనే రెండు కాళ్ళూ మారాలి. షక్రా అనే ఎర్రటి ఆడగుర్రానికి నాయన అది నేర్పిస్తున్నాడు. దాని మీద స్వారీ నేర్చుకునేది నేనేనని నాకు నేనే రాసిపెట్టుకున్నాను.

అప్పుడు రీమ్ వచ్చింది. నితాఖత్ అనే సర్కారు లెక్క ప్రకారం శాలలో సౌదీవాళ్ళకు పనివ్వాలి గనక, నాయనను వీసా మీద తెచ్చుకున్న యజమాని, కఫీల్, ఆ ఇరవయ్యేళ్ళ అమ్మాయిని పెట్టుకుని, తెలిసిందంతా నేర్పమని నాయనకు చెప్పాడు.

"ఆయమ్మి అంతా నేర్చుకున్న్యాక నిన్నేం జేస్తారంట?" అంది అమ్మ.

"గుర్రానికి తెల్దులేమ్మే, ఎవురు ఏ దేశమోళ్ళో," అన్నాడు నాయన.

రీమ్ మడమను తన చేత్తో పట్టుకుని ఒక అంగుళం వెనక్కి జరిపి, నాయన "షాబాష్" అనేవాడు. నేను క్లాసులో ఫస్టు వచ్చినప్పుడు కూడా ఆ మాట అనలేదు. రీమ్ నాకు చాక్లెట్లు తెచ్చేది. తినేదాన్ని, తింటూనే ఆమె పడిపోవాలని కోరుకునేదాన్ని.

ఒక వారం నాయన ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కాగితాల కోసం తిరగాల్సి వచ్చింది. షక్రాను ఇసుకలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ, మధ్యలో దిక్కు మార్చి, రీమ్ నన్నడిగేది: "బ్యాక్ లెగ్? యెస్? నో?" పైన కూర్చున్న ఆమెకు వెనక కాళ్ళు కనపడవు, కుదుపును బట్టి పసిగట్టడం ఇంకా ఒంటికీ అలవాటు కాలేదు. ఆమె లోపలికి ఒరిగిపోవడంతో ముందుకాలొక్కటే మారుతోందని కంచె మీద కూర్చున్న నాకు స్పష్టంగా కనపడేది. "యెస్" అనేదాన్ని. ఆమె వెంటనే ఆపి, బాగా చేశావన్నట్టు షక్రా మెడ నిమిరేది. ఈమెకు రాకపోతే నాయన పని నాయనకే ఉంటుందని, షక్రా నాకు మిగులుతుందని నా లెక్క.

ఎనిమిదో రోజు నాయన వచ్చాడు. ఆయన కళ్ళముందే షక్రా కాళ్ళు మెలిపడి తూలింది. రీమ్ ఇసుకలో పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. లేస్తూనే, వెనక కాలు మారుతోందని ఇన్నాళ్ళూ పాప చెప్పిందే అంది, ఏ కల్మషం లేకుండా.

"నీకు కనపల్లేదా పాపా?"

"కనపడింది నాయనా."

కొడతాడనుకున్నాను. "మనుషులకు జెప్పిన అబద్ధం సర్దుకోవచ్చు. నోరులేని దానికి తప్పు నేర్పిస్తివి గదమ్మా," అని, నన్నే రీమ్‌కు చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె మోచేతి మీది ఇసుక దులుపుకుని, మళ్ళీ జీనెక్కి, "టుడే, ట్రూ," అంది. తిట్టి ఉంటే ఆమెను ద్వేషించడం తేలికయ్యేది.

చెడిన అలవాటు పోగొట్టడానికి నెలకు పైగా పట్టింది. మొదట మామూలు నడకలోనే షక్రా తుంటి పక్కకు జరిపించడం, తర్వాత తిన్నగా నాలుగడుగులు నడిపి అప్పుడు మాత్రమే కాళ్ళు మార్చమని అడగడం. ఒక సాయంత్రం రెండు కాళ్ళూ గాల్లో కలిసి మారాయి. "యెస్!" అని నేను అరిచిన అరుపుకు పావురాలు లేచాయి. నాయన పరుగెత్తాడు, రీమ్ దగ్గరికి.

ఆ ఏడే పరదేశీల కుటుంబాల మీద తలకింతని లెవీ, కొత్త పన్ను, వచ్చి అమ్మా నేనూ కడప చేరాం. రెండేళ్ళకు శాల రీమ్ చేతికి అప్పజెప్పి నాయనా వచ్చేశాడు.

మొన్న పండగకు రీమ్ వీడియో కాల్ చేసింది. శాల ఉన్నచోట విల్లాలు లేచాయట. షక్రా ఎవరి చేతుల్లోకి పోయిందో ఆమెకూ తెలియదట. ఆమెతో మాట్లాడేటప్పుడు నాయన గొంతులో వచ్చే హుషారు నాతో మాట్లాడేటప్పుడు ఇప్పటికీ రాదు.

"నన్నెందుకు ఎక్కించలే నాయనా?" అన్నాను, ఫోను పెట్టేశాక.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వెప్పుడన్నా అడిగినావా? ఆ పిల్ల దినామూ అడుగుతాండె."

"ఇప్పుడడుగుతాండా."

నాయన నొప్పుల మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. "ఇప్పుడేడుందమ్మా గుర్రం?"