వాచ్‌మన్‌ బదులు అలారం

మణికొండలో మా అపార్ట్‌మెంటు పది ఫ్లాట్లది. సెక్రటరీ ఎవరన్నది ఏటా చీటీలు వేసి తేలుస్తారు. ఆ ఏడు నా ఖర్మ కాలి నా చీటీ వచ్చింది. నాకసలే ముక్కు మీద కోపం. కోకాపేట ఆఫీసు నుంచి ట్రాఫిక్కులో పడి వచ్చి, ఇంకా చెప్పులైనా విప్పకముందే ఒకరు నీళ్లు రావట్లేదంటారు, ఇంకొకరు పైవాళ్ల పూలకుండీ నీళ్లు తమ బట్టల మీద పడ్డాయంటారు.

అలాంటి రోజుల్లో పక్క వీధిలో దొంగలు పడ్డారు. పోయింది రెండు గ్యాస్‌ సిలిండర్లూ ఒక మిక్సీయే అయినా మావాళ్లకు గుండెలు జారిపోయాయి. మూడో అంతస్తులో ఉండే అంకుల్‌, బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైనాయన, వెంటనే తేల్చేశారు. "అలారం పెట్టిద్దామమ్మా. అది ఉంటే వాచ్‌మన్‌ కూడా అక్కర్లేదు. ఎప్పుడు చూసినా కునికిపాట్లే కదా!"

అందరూ సరేనన్నారు. నేనూ అన్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా వాచ్‌మన్‌ది నాగర్‌కర్నూల్‌ వైపు. మెట్ల కింది గదిలో భార్యతో, పదో తరగతి చదివే కూతురితో ఉంటాడు. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది, ఆ పిల్ల బడీ పోతుంది. మర్నాడు పొద్దున్నే లిఫ్టు దగ్గర ఆపి, "మేడం, నన్ను తీసేస్తున్నరంట గద? జర పిల్ల పరీక్షలన్న కానియ్యుండ్రి" అన్నాడు. "చూద్దాంలే" అని లిఫ్టు ఎక్కేశాను. ఆ మాటకు అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు.

ఇక అలారాల స్వయంవరం మొదలైంది. మొదటి కంపెనీది పిల్లి నడిచినా మోగింది, కింది ఫ్లాటు ఆంటీ పోపు వేసినా మోగింది. ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చి "నా వంటింట్లో దొంగ ఎవడ్రా?" అని దానిమీద విరుచుకుపడింది. రెండోదాన్ని పరీక్షించడానికి అంకుల్‌ స్వయంగా తలకు తువ్వాలు చుట్టుకుని కాంపౌండ్‌ గోడ ఎక్కారు. అది కిక్కురుమనలేదు. ఆయన మాత్రం గోడ మీద అటూ ఇటూ కాకుండా ఇరుక్కుపోయి కుయ్యోమన్నారు. చివరికి వాచ్‌మనే "సార్‌, పరేషాన్‌ గాకుండ్రి, ఎడమ కాలు గిట్ల పెట్టుండ్రి" అంటూ పసిపిల్లాడిని దించినట్టు దించాడు.

మూడో కంపెనీ అబ్బాయిది భీమవరం. నోరు తెరిస్తే అండి. "తలుపు కదిలితే చాలండి, మీరిచ్చిన నంబరుకు ఫోన్‌ వెళ్లిపోతుందండి." అది అందరికీ నచ్చింది. ఫ్లాటుకొక ఫారం ఇచ్చాడు. అందులో ఒక గడి ఉంది: అలారం మోగితే వెంటనే వచ్చి చూడగలిగిన మనిషి ఫోన్‌ నంబరు. ఎవరి ఫారం వాళ్లు నింపి ఇచ్చేశాం. నంబర్లన్నీ కంపెనీవాళ్లు తమ ఆఫీసులోనే ఎక్కించుకున్నారు.

ఆదివారం సాయంత్రం ట్రయల్‌. అందరం పార్కింగులో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. వాచ్‌మన్‌ నిచ్చెన ఎక్కి, తన ఉద్యోగం ఊడగొట్టబోయే సైరన్‌ డబ్బాను తానే పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి ఫ్లాటు తలుపు తీశారు. వాచ్‌మన్‌ జేబులో ఫోన్‌ మోగింది. ఒక చేత్తో తీసి, చూసి, కట్‌ చేశాడు. రెండో తలుపు తీశారు. మళ్లీ అతని ఫోనే. మూడోదీ అంతే. అంకుల్‌ తలుపు తీసినా అదే. "ఏంది సార్‌ ఇది, ఆగకుండ కొడుతున్నది!" అన్నాడు. కంపెనీ అబ్బాయి ఫారాలు తిరగేసి నోరు తెరిచాడు. "పదింటిలోనూ ఒకే నంబరు రాశారండి!"

అంకుల్‌ గొంతు సవరించుకున్నారు. "మా అబ్బాయి మీటింగులో ఉంటే ఫోన్‌ ఎత్తడమ్మా. ఇతనైతే ఎత్తుతాడు."

నాకు ఒళ్లు మండింది. "ఒక్కరికైనా బుర్ర ఉందా? తీసేద్దామనుకున్న మనిషి నంబరా రాసేది?" అని లేచి అరిచాను. ఆ అబ్బాయి చాలా మర్యాదగా ఒక ఫారం నా ముందు పెట్టాడు. "ఇది మీదేనండి." నిజమే, ఆ కోడిగీతలు నావే. లేచినంత వేగంగానే కూర్చుండిపోయాను.

నిచ్చెన మీంచి వాచ్‌మన్‌ అన్నాడు. "తీసేస్తే మా ఊరికి పోత మేడం. ఆడినుంచి గీడికి రానీకి మూడు గంటలు పడ్తది. గందాక దొంగను కూసోమంటమా?"

అందరూ పగలబడి నవ్వారు. అతను నవ్వలేదు. నాకేసే చూస్తున్నాడు.

"నువ్వెక్కడికీ పోవు, దిగు" అన్నాను.

"కాయితం మీద రాసియ్యుండ్రి మేడం."

నా ఫారమే వెనక్కి తిప్పి రాశాను: అలారం ఉన్నా వాచ్‌మన్‌ ఉంటాడు. పది ఫ్లాట్ల వాళ్లూ సంతకాలు పెట్టేదాకా అతను నిచ్చెన దిగలేదు.