గుమ్మం దగ్గర మొదలుపెట్టిన రంగు

పడవ లోపలి నేలకు రంగు వేసేవాళ్ళు ఎవరైనా మంచం ఉన్న చివర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం మెట్ల దగ్గర తేలతారు. సరంగమ్మ ఆ ఆదివారం పొద్దున్నే మెట్ల దగ్గర మొదలుపెట్టింది.

ఆమె అసలు పేరు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. పడవ నడిపేవాణ్ణి సరంగు అంటారు కనుక, ఇరవై ఆరేళ్ళు జనాన్ని ఏరు దాటించిన ఆమె సరంగమ్మ అయింది. తండ్రికి చూపు మందగించినప్పుడు చుక్కాని ఆమె చేతికొచ్చింది. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "రెండో ట్రిప్పుకు టైమైంది" అని లేచి వెళ్ళిపోయేది. వంతెన కట్టాక ట్రిప్పులు ఆగాయి. ఆమె మాత్రం రేవులో కట్టేసిన పడవలోనే కాపురం పెట్టింది. తండ్రి పడవను కొడుకు పేర రాసి పోయాడు. ఆ కొడుకు ఒడ్డున గడియారాలు బాగుచేస్తాడు. అతను పడవ నడిపింది మొత్తం నాలుగు నెలలు, అదీ వాంతులు చేసుకుంటూ.

పోయిన ఏడాది అతనే, కాస్త మెరవాలంటూ నేలకూ మెట్లకూ అద్దంలాంటి పెయింటు వేయించాడు. రెండు నెలల కిందట వానలో తడిసి లోపలికి దిగుతూ ఆమె ఆఖరి మెట్టు మీద జారింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే తమ్ముడు తేల్చేశాడు.

"ఇక చాలక్కా. ముందు గది ఖాళీ చేశాం. వచ్చెయ్యి."

"రాను."

అతను విన్నట్టే తల ఊపాడు. వెళ్ళి పడవకు బేరగాణ్ణి వెతికాడు. ఆదివారం పదింటికి ఆయన వచ్చి లోపల చూస్తాడని, సాయంత్రం తన ఊరు వెళ్ళిపోతాడని, ఆలోగా సామాను సర్దుకొమ్మని కబురు పంపాడు.

ఆమె సర్దలేదు. కట్టు విప్పిన మర్నాటి నుంచే గీకుడు మొదలుపెట్టింది. మెరిసే పెయింటు పొరలు పొరలుగా లేచింది. గోడలకు లేత గోధుమరంగు వేసి, ఎండాక దాని మీద ముదురు రంగు పలచగా పూసి, తడి ఆరకముందే రబ్బరు దువ్వెనతో పై నుంచి కిందికి లాగింది. చెక్క మీద ఉండే గీతలు వచ్చాయి. మధ్య మధ్య బొటనవేలు నొక్కి తిప్పితే కణుపులు వచ్చాయి. కిటికీల చుట్టూ సన్నటి ఎర్ర గీత చేత్తోనే గీసింది. శుక్రవారం నేలకు చిక్కటి పూత వేసి, మూతకు చిల్లులు కొట్టిన డబ్బాతో దాని మీద జల్లెడ పట్టిన ఇసుక చల్లింది. అంచుల్లో రెండు వేళ్ళ వెడల్పు మాత్రం నున్నగా వదిలింది, తుడిచిన నీళ్ళు నిలవకుండా. ఆ రోజు పద్ధతి ప్రకారం మంచం దగ్గర మొదలుపెట్టి మెట్ల దగ్గరే ముగించింది.

శనివారం రంగుల కొట్టాయన పై పూతకు డబ్బా తెచ్చిచ్చాడు. రేపు గుమ్మం దగ్గర మొదలుపెడతానంటే నవ్వాడు.

"అలా చేస్తే లోపలే ఇరుక్కుపోతావమ్మా."

"అందుకే."

ఆయన నవ్వడం ఆపి డబ్బా మూత వదులు చేసిపెట్టి వెళ్ళాడు.

పదింటికి తమ్ముడు వచ్చాడు. ఒడ్డున తోపుడు బండి ఆగింది. అతని వెనక బూట్లేసుకున్న బేరగాడు. ఇద్దరూ మూడు మెట్లూ దిగి ఆఖరి మెట్టు మీద ఆగిపోయారు. బూడిదరంగు నేల పచ్చిగా ఉంది. అవతలి చివర మంచం మీద సరంగమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. పక్కన ఫ్లాస్కు, రొట్టె, అరటిపళ్ళు. రెండువైపులా కిటికీలు తెరిచి ఉన్నాయి.

"ఏంటక్కా ఇది?"

"రంగు."

"కనిపిస్తూనే ఉంది! అటువైపు ఎలా చిక్కుకున్నావ్?"

"చిక్కుకోలేదు. కూర్చున్నాను."

"రేపటిదాకా అక్కడే ఉంటావా? మరి బాత్రూం..."

"నా వెనకే ఉంది. తీరిందా నీ బెంగ?"

బేరగాడు గోడ మీద చెయ్యి వేసి చూశాడు. "చెక్క వేయించారే!"

"చెక్క కాదండీ, పెయింటు," అందామె. గొంతులో గర్వం దాచుకోలేదు.

"ఎందుకమ్మా ఇంత శ్రమ? నాకు కావలసింది ఇంజనొక్కటే. మిగతాది విరిచేస్తాం."

సరంగమ్మ తమ్ముడి వైపు చూసింది. అతను కిటికీ ఎర్ర గీత వైపు చూశాడు.

"నీకు ముందే తెలుసన్నమాట," అందామె.

"ఇంజను మూత మంచం కిందే కదా," అని బేరగాడు బూటుకాలు ఎత్తాడు. "ఒక్క నిమిషం, చూసొస్తా."

"కాలు పెట్టకండి! పచ్చిగా ఉంది!"

అరిచింది సరంగమ్మ కాదు. తమ్ముడు బేరగాడి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. తొమ్మిదేళ్ళప్పుడు పచ్చి రంగులో కాలు పెట్టినందుకు తండ్రి అతని చేత పై డెక్కంతా గీకించాడు. అప్పుడు తండ్రి అరిచిన మాట అదే.

"విరిచేసేదానికి పచ్చేంటి, ఎండేంటి?" అన్నాడు బేరగాడు చెయ్యి విడిపించుకోబోతూ. తమ్ముడు వదల్లేదు. ఆయన బూటు తిరిగి మెట్టు మీద ఆనేదాకా పట్టుకునే ఉన్నాడు.

ఆయన విసుక్కుంటూ వెళ్ళిపోయాక తమ్ముడు మెట్టు మీదే కూలబడ్డాడు.

"నీ మంచికే కదా అక్కా..."

"నా మంచికి నా మంచం కింద ఇంజను పీకిస్తావా?"

"మళ్ళీ జారితే?"

"జారింది నువ్వు వేయించిన మెరుపు మీద. రేపు రా. సబ్బునీళ్ళు పోస్తాను, నువ్వే నడువు. జారావంటే సామాను నేనే బండెక్కిస్తాను. జారకపోతే పడవ నా పేర రాయి."

అతను లేచి మెట్లెక్కాడు. బండివాణ్ణి పంపేయడం కిటికీలోంచి కనిపించింది.

మర్నాడు అతను వచ్చేసరికి నేల ఎండింది. ఆమె బకెట్‌తో ఎదురుగా నిలబడి ఉంది. చెప్పులు విప్పమని, నురగ నీళ్ళు నేలంతా కుమ్మరించింది. అతను గోడ పట్టుకోబోయాడు.

"గోడ వదులు. నేను పడ్డప్పుడు గోడ పట్టుకోలేదు."

అతను మంచం దాకా వెళ్ళి వచ్చాడు. రెండోసారి కావాలనే గబగబా నడిచాడు. మధ్యలో మడమ మీద గిర్రున తిరిగి చూశాడు. పాదం ఎక్కడ ఆనిస్తే అక్కడే నిలిచింది.

"గరుకు ఎక్కువైంది," అన్నాడు చివరికి. "పాదాలు మండుతున్నాయి."

"మండనీ. రిజిస్ట్రేషన్ ఆఫీసు పదిన్నరకి తెరుస్తారు."

అతను పాదాలు తుడుచుకుంటూ మెట్ల వైపు చూశాడు. వాటి మీద పాత పెయింటు ఇంకా అద్దంలా మెరుస్తోంది.

"మరి ఇవో?"

"ఇవాళ వాటి పనే. జల్లెడ అదుగో, ఇసుక డెక్కు మీదుంది," అందామె గీకుడు రేకు తీసి మొదటి మెట్టు మీద కూర్చుంటూ. "పదిన్నర దాకా ఖాళీయే కదా నువ్వు."