చుట్టం బస్సెక్కిన టైము

ఆకివీడు దాటాక కూడా మంచు విడలేదు. ఆటో లైటు వెలుతురు నాలుగడుగులు ముందుకు పోయి అక్కడే ఆగిపోతోంది. పెర్సిస్ ఒళ్ళో నీలం రంగు టీకాల పెట్టె పెట్టుకుని, రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది. ఏలూరులో పుట్టి పెరిగి, నాలుగు నెలల క్రితం ఏఎన్ఎం ఉద్యోగంలో చేరి ఈ కొల్లేటి అంచుకి వచ్చిన పిల్ల. పెట్టెలో ఐసు ప్యాకుల మధ్య పదకొండు మంది పసిబిడ్డల టీకాలున్నాయి. ఐసు కరిగేలోపు అవి కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు దాటి గువ్వలలంక చేరాలి.

పోయిన నెలా ఇలాగే బయల్దేరింది. కార్తీకంలో కురిసిన వానకి లంకదారిలో కల్వర్టు కొట్టుకుపోయాక పడవ తప్ప దిక్కు లేదు. ఆ రోజు పడవ ఏటి మధ్యలో మట్టి మేట మీద ఎక్కి కూర్చుంది. మూడు గంటలు కదల్లేదు. అవతలి ఒడ్డున తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని మిట్టమధ్యాహ్నం దాకా చూసి ఇళ్ళకి పోయారు. ఐసు కరిగి, సీసాల మీద వేడిని చూపే గుర్తు రంగు మారి, టీకాలన్నీ వృథా అయ్యాయి. ముగ్గురు మనవల నాయనమ్మ యేసమ్మ మర్నాడు ఫోనులో మెత్తగానే చెప్పింది, ఈసారి కూడా రాకపోతే ఇక ఎవరినీ రేవుకి రమ్మని అడగలేనని, కూలి మానుకుని ఎన్నిసార్లు వస్తారని. ఆ మెత్తదనమే పెర్సిస్‌ని నెల రోజులుగా గుచ్చుతోంది.

ఆటో కీచుమని ఆగింది. కాలవ వంతెన మీద ఒక ముసలాయన రోడ్డుకి వీపు పెట్టి, పిట్టగోడ మీంచి వంగి కిందికి చూస్తున్నాడు. చంకలోంచి వెనక్కి పొడుచుకొచ్చిన గొడుగు మొన ఆటో అద్దానికి జానెడు దూరంలో ఉంది. గొడుగు రోడ్డు మీదికి పెట్టి ఏం వెతుకుతున్నారండీ అని డ్రైవరు విసుక్కున్నాడు.

"ఇంకా దిగుతోందండీ," అన్నాడాయన, ఎవరో నీళ్ళ సంగతే అడిగినట్టు.

అప్పుడు తిరిగి చూశాడు. మంకీ క్యాపు, దాని కింద చెవికి ఆనించుకున్న చిన్న రేడియో, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఇంత చలిలోనూ మడిచే ఉంది. పెట్టెని చూశాడు, పెర్సిస్‌ని చూశాడు.

"లంకకేనా నర్సమ్మగారూ? తొందరగా బయల్దేరారే."

ఎక్కమని ఎవరూ అనకుండానే ఎక్కి కూర్చున్నాడు.

ఆయన పేరు సూర్యనారాయణ. డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు కాలవ లాకుల దగ్గర లస్కరు పని చేశాడు. లస్కరంటే ఈ డెల్టాలో చెప్పక్కర్లేదు, కాలవల తలుపులు ఎత్తి దించే మనిషి. ఎక్కడి లస్కరుకైనా పైనుంచి వచ్చే గోదావరి నీళ్ళతోనే పని. ఈయన లాకు మాత్రం కాలవ వెళ్ళి ఉప్పుటేట్లో కలిసే చోట ఉంది. సముద్రం రోజుకి రెండుసార్లు ఏటికి ఎదురెక్కి వస్తుంది, అది పోటు. రెండుసార్లు వెనక్కి తీస్తుంది, అది పాటు. పోటులో ఉప్పునీళ్ళు చేలల్లోకి పోకుండా తలుపులు దించాలి, పాటులో ఎత్తాలి. అలా ముప్పై ఎనిమిదేళ్ళ పాటు ఆయన అన్నం, నిద్ర, చుట్టరికాలు అన్నీ సముద్రం చెప్పిన వేళల్లోనే నడిచాయి. రిటైరై పదహారేళ్ళయినా ఆ లెక్క వదల్లేదు. తాడేపల్లిగూడెంలో కూతురు ఉషశ్రీ ఇంటికి వెళ్తే రెండో రోజుకే తిరిగొచ్చేస్తాడు. అక్కడ నీళ్ళు కుళాయిలో వస్తాయి గానీ టైముకి రావని ఆయన ఫిర్యాదు.

అంత లెక్క తెలిసిన మనిషి సముద్రాన్ని కళ్ళారా చూసింది ఒక్కసారే. ఆయన భార్య వీరదుర్గ పోరు పడలేక పేరుపాలెం తీసుకెళ్ళాడు. ఆవిడ ఇసకలో దిగి కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకునేలోపు ఆయన చేతి గడియారం చూసి, "నాలుగు గంటల తేడా, సరిగ్గా సరిపోయింది," అని బస్టాండు వైపు తిరిగాడట. సముద్రపు ఒడ్డున నిండిన పోటు తన లాకు దగ్గర నిండడానికి ఎంతసేపు పడుతుందో తేల్చుకోవడానికే వచ్చాడన్న సంగతి ఆవిడకి ఇంటికొచ్చాక తెలిసింది. కాళ్ళు తడుపుకోనివ్వలేదని ఇప్పటికీ దెప్పుతుంది.

ఆటోలో ఆయన రేడియో గరగరమంటూ వాతావరణం చెప్పింది. బంగాళాఖాతంలో అల్పపీడనం, తీరం వెంబడి తూర్పు గాలులు, సముద్రం అలజడిగా ఉంటుంది కాబట్టి మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు, కోస్తాలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు.

"ఈ 'ఒకటి రెండు చోట్ల' అనే ఊరు ఎక్కడుందో అరవై ఏళ్ళుగా వెతుకుతున్నానండీ," అన్నాడు సూర్యనారాయణ. పెర్సిస్‌కి ఆ ఉదయం మొదటిసారి నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. తూర్పు గాలులన్న మాట దగ్గర వేలు మడిచి ఏదో లెక్క కట్టుకుంటున్నాడు.

రేవు చేరేసరికి తొమ్మిదిన్నర. మంచు పలచబడి అవతలి గట్టు మీద గూడబాతులు బొమ్మల్లా కనిపిస్తున్నాయి. పడవ నడిపే గోపీనాథ్ ఇంజను తుడుచుకుంటూ సిద్ధంగా ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, పనిమంతుడు, మాట కూడా అంతే చురుకు. పెర్సిస్‌ని చూడగానే ఫోను తీసి చూపించాడు. పోటు పదిన్నరకి నిండుతుందట. పది లోపు ఎక్కేస్తే నిండు నీళ్ళలో మేట దాటేస్తామన్నాడు. పోయిన నెల ఇలాంటి ఫోను లెక్కే చూశాడన్న సంగతి తనే ఒప్పుకున్నాడు గానీ, అది పాత యాప్ అనీ, దీనికి స్టార్లు ఎక్కువున్నాయనీ అన్నాడు.

సూర్యనారాయణ టీ కొట్టు బల్ల మీద కూర్చుని, చంక సంచిలోంచి అట్ట చిరిగిన పంచాంగం తీశాడు.

"పున్నమి వెళ్ళిన విదియ. రెండున్నరకి నిండుతుందండీ. గాలి తోస్తోంది కాబట్టి రెండుకే. మీరు పన్నెండున్నరకి ఎక్కండి."

"మీ పంచాంగానికి సిగ్నలు లేదు బాబాయ్," అన్నాడు గోపీనాథ్.

"నీ ఫోను అబద్ధం చెప్పలేదురా అబ్బాయ్. పదిన్నరకి నిండేది ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర. అది చుట్టం బస్సెక్కిన టైము. మనింటికొచ్చే టైము కాదు." గొడుగు మొనతో పడవని చూపించాడు. "ముక్కుకి తాడు కట్టావు కదా. తోక ఎటుందో చూడు."

పడవ వెనక భాగం సముద్రం వైపే ఉంది. అంటే ఏరు ఇంకా కిందికే లాగుతోంది. గోపీనాథ్ ఒకసారి పడవని, ఒకసారి ఫోనుని చూసి, ఏమో మరి, మధ్యాహ్నం తనకి చేపల మేత బస్తాల బేరం ఉందనీ, వెళ్తే ఇప్పుడే వెళ్ళాలనీ నసిగాడు. నిర్ణయం పెర్సిస్ మీద పడింది. మూడు గంటలు ఆగితే ఐసు మూడు గంటలు తరుగుతుంది. ఇప్పుడే వెళ్తే, ఫోను మాట నిజమైతే, పదకొండుకల్లా సూదులు మొదలవుతాయి. ఒక పక్క స్టార్లున్న యాప్, మరో పక్క దారిలో దొరికిన ముసలాయన.

తోక మాత్రం సముద్రం వైపే ఉంది.

ఆగుతానంది. యేసమ్మకి ఫోను చేసి, తల్లుల్ని ఇప్పుడే రేవుకి రప్పించొద్దని, ఒంటి గంటకి రమ్మని చెప్పింది.  అవతలినుంచి "చూద్దాంలెమ్మా" అని వినిపించింది. సూర్యనారాయణ పెట్టెని కొట్టు వెనక నీడలో, తడి గోనె మీద పెట్టించి, ఎవరడిగినా మూత తియ్యొద్దన్నాడు. నీటి అంచున బురదలో ఒక వెదురుపుల్ల గుచ్చి, ఒడ్డు వెంట అలా నడుచుకుంటూ పోయాడు.

టీ కొట్టు సత్యవేణిది. ఆవిడ గ్లాసులు కడుగుతూ, ఆయన ఎటు పోయాడని వెతక్కండి, ఆయన ఎవరికీ చెప్పి వెళ్ళరు అంది. చెప్పి వెళ్ళే మనిషేనట ఒకప్పుడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇలాంటి చలికాలంలోనే, రెండో పంట దాళ్వాకి నారుమళ్ళు పోసిన రోజుల్లో, బావమరిది పెళ్ళికి కైకలూరు వెళ్ళాడు. పోటు వేళకి లాకు చేరాలని భోజనాల ముందే లేచాడు. వెళ్ళొస్తానని ఒక పెద్దాయనకి చెబితే ఆయన కూర్చోబెట్టి తాంబూలం ఇచ్చాడు. ఇంకొకావిడ అన్నం తినకుండా ఎలా వెళ్తావంది. వియ్యాలవారికి చెప్పకపోతే బాగోదని వాళ్ళ దగ్గరికి వెళ్తే వాళ్ళు ఫోటోలో నిలబెట్టారు. అలా ఒక్కొక్కరికీ చెప్పుకుని బయటపడేసరికి గంటన్నర. సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి ఉప్పునీళ్ళు తలుపు దాటి కాలవలో పడ్డాయి. నాలుగు రోజుల్లో తొమ్మిది నారుమళ్ళు ఎర్రబడి చచ్చాయి.

"రైతులు ఒక్కమాట అన్లేదండి. శేషగిరిరావు గారని ఉండేవారు, ఎక్కువ పోయింది ఆయనకే. లాకు దాకా వచ్చి, ఈయన్ని చూసి, 'భోంచేశావా' అని అడిగి వెళ్ళిపోయారంట. అది మొదలండి. కూతురి పెళ్ళిలో తలంబ్రాలవుతుంటే చూద్దుం కదా, కుర్చీ ఖాళీ."

 గోపీనాథ్ కూడా ఇంజను తుడవడం ఆపి విన్నాడు.

పది అయింది. పదిన్నర అయింది. ఫోను ప్రకారం సముద్రం నిండింది. రేవులో మాత్రం బురద ఇంకో మూరెడు బయటపడి, పోయిన నెల పడవ ఎక్కి కూర్చున్న మేట ఏటి మధ్యన గేదె వీపులా తేలింది. పది గంటలకే బయల్దేరి ఉంటే ఈపాటికి తాను దాని మీదే ఉండేది.  గోపీనాథ్ యాప్ మూసేసి, ఎవరికో ఫోను చేసి మేత బస్తాలు రేపటికి మార్చుకున్నాడు.

అయినా పెర్సిస్‌కి స్థిమితం లేదు. ఫోను తప్పయినంత మాత్రాన పంచాంగం ఒప్పయిపోదు కదా. పెట్టె దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి, మూత మీద చెయ్యి వేసి, తీసేసింది. పదకొండు దాటాక ఏరు కదలడం మానేసింది. ఒక ఎండుటాకు ఉన్నచోటే ఉండిపోయింది. అప్పుడు పడవ, ఎవరూ ముట్టుకోకుండానే, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు మెల్లగా తిరిగి, తోక కొల్లేరు వైపు పెట్టింది.

సూర్యనారాయణ ఎప్పుడొచ్చాడో వచ్చి పక్కన నిలబడ్డాడు. "వచ్చాడండీ చుట్టం," అన్నాడు. ఆ గొంతులో ఎన్నాళ్ళకో నిజంగా చుట్టం వచ్చినంత సంతోషం.

పోటు రోజుకి రెండు ఘడియలు ఆలస్యమవుతుందని ఆయన ఆమెకి చెప్పాడు. ఘడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. తిథి ఒకటి పెరిగితే రెండు ఘడియలు కలుపు, తగ్గితే రెండు తీసెయ్. అష్టమి దగ్గర పోటుకి బలం ఉండదు, ఆ రోజుల్లో మేట జోలికి పోవద్దు. గాలిని మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు, ముఖానికి తగిలితే చూసుకోవడమే. పెర్సిస్ టీకాల రిజిస్టరు వెనక పేజీలో రాసుకుంది. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు వెదురుపుల్ల మీదే ఉన్నాయి. పుల్ల మొదలు తడిసింది, నడుము తడిసింది. పన్నెండున్నరకి కొస ఒక్కటే మిగిలింది.

పడవ బయల్దేరింది. మేట మీదికి రాగానే అడుగున కిర్రుమని చప్పుడైంది. పెర్సిస్ కళ్ళు మూసుకుంది. చప్పుడు సాగి, సన్నబడి, ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే పడవ మేట అవతల ఉంది.

లంక రేవులో మొదట ఎవరూ కనిపించలేదు. ఇంజను శబ్దం విని యేసమ్మ ఒక్కతే చిన్న మనవడిని భుజాన వేసుకుని వచ్చింది. పడవని, పెట్టెని, పెర్సిస్‌ని వరసగా చూసి, వెనక్కి తిరిగి గట్టిగా ఒక కేక వేసింది. అరగంటలో రేవంతా పిల్లల ఏడుపులే. పదకొండు మందికీ అయ్యాక కూడా ఐసు ప్యాకులు చేతికి చల్లగా తగులుతున్నాయి. యేసమ్మ ఎండబెట్టిన చేపలు కాగితంలో చుట్టి ఇచ్చి, వచ్చే నెల ఎప్పుడని అడిగింది. ఎప్పుడని అడగడమే పెర్సిస్‌కి చాలు.

తిరుగు పడవలో ఆ లెక్కే కట్టింది. నాలుగు వారాల తర్వాత బుధవారం. అప్పటికి చంద్రుడు ఈ రోజుకన్నా ఒక తిథిన్నర వెనక ఉంటాడు. అంటే రెండున్నరకి మూడు ఘడియలు ముందు. పాటు మొదలై పడవని ఇటు లాగుతోంది. మూడున్నరకి రేవులో దిగింది.

సూర్యనారాయణ కొట్టు బల్ల మీదే ఉన్నాడు. పడవ అడుగున తడి ఎంతవరకు ఉందో చూసి, గడియారం చూసి, పంచాంగం అంచున ఏదో గీసుకున్నాడు.

"వచ్చే నెల ఒంటి గంటా ఇరవైకి నిండుతుందండీ?" అంది పెర్సిస్. పరీక్ష హాల్లో నిలబడినట్టుంది ఆమెకి.

ఆయన పేజీ తిప్పి చూశాడు. వేళ్ళు మడిచాడు, విప్పాడు.

"గాలి సంగతి ఆ రోజు చూసుకోండి," అన్నాడు. అంతకుమించి మెచ్చుకోలు ఆయన నోట వినలేదని సత్యవేణి తర్వాత చెప్పింది.

పెర్సిస్ పెట్టెని ఆటోలో పెట్టి, యేసమ్మ ఇచ్చిన పొట్లంలో సగం ఆయనకిద్దామని విప్పి, కాగితం రెండుగా చింపి చుట్టింది. పొద్దుటినుంచీ మనసులో కూడబెట్టుకున్న మాటలు చెబుదామని తిరిగింది. బల్ల ఖాళీ. టీ గ్లాసు కింద చిల్లర ఉంది. దూరంగా గట్టు మీద మంకీ క్యాపు, చంకలో గొడుగు. వీరదుర్గగారి వంట వేళో, ఇంకో కాలవలో నీటి వేళో, ఆయన పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోతున్నాడు.

పిలవడానికి నోరు తెరిచింది. పిలిస్తే ఆగుతాడు. ఆగితే నిలబడి వింటాడు. ఆలస్యమవుతుంది.

నోరు మూసుకుని చూస్తూ నిలబడింది. గట్టు తుమ్మచెట్ల దగ్గర వంపు తిరిగేదాకా ఆయన వెనక్కి చూడలేదు. వంపు దగ్గర కూడా నీళ్ళకేసే చూశాడు.