తోక తిరిగిన తేలు

గోపాలపట్నంలో నా జిరాక్స్ షాపుకీ, సూరన్న బాబాయ్ రాళ్ళ కొట్టుకీ మధ్య ఒక్క రేకు అడ్డం. ఆయన ఉలి దెబ్బ వేస్తే నా మెషీన్ మీద టీ గ్లాసు వణుకుతుంది. పదకొండేళ్ళుగా ఈ విషయం మీద మాకు తగువు. "కాస్త మెల్లిగా కొట్టు బాబాయ్" అంటే, "రాయికి మెల్లిగా సెప్తే ఇంటాదేటమ్మా" అంటాడు. నా నోటికి మా ఆయనే భయపడతాడు గానీ సూరన్న భయపడడు.

ఆయనది జాలరిపేట. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా తండ్రితో కలిసి చేపల వేటకు వెళ్ళాడు. ఒడ్డుకు లాగుతున్న పడవ కింద పడి ఎడమ పాదం నలిగిపోయాక సముద్రం వదిలేసి, ఒక మేస్త్రీ దగ్గర సమాధి రాళ్ళు చెక్కడం నేర్చుకున్నాడు. ఇప్పుడు అరవై దాటాయి. క్రైస్తవుల ఇళ్ళలో ఎవరు పోయినా రాయి కోసం ఈయన దగ్గరికే వస్తారు. విచిత్రం ఏమిటంటే సూరన్నకి అక్షరం ముక్క రాదు. నేను టైపు చేసి పెద్దది చేసిచ్చిన కాగితాన్ని కార్బన్ పెట్టి రాయి మీదకి దించుకుని, ప్రతి అక్షరాన్నీ బొమ్మలా చూసి చెక్కుతాడు. అందుకే ఆయన తప్పు చేయడు. చదువుకున్నవాడు తను అనుకున్నది చదువుతాడు, ఈయన అక్కడ ఉన్నదే చూస్తాడు. కాగితంలో దీర్ఘం లేకపోతే రాయి మీదా ఉండదు, ఆ తిట్లన్నీ నాకే.

ముప్ఫై అయిదేళ్ళలో సూరన్న చేతిలో చెడిన రాయి ఒక్కటే. అదీ ఆయనకి బాగా తెలిసిన సంగతి కాబట్టే చెడింది.

మొన్న మార్చిలో విజయరత్నం గారని ఒకాయన వచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి జనవరిలో రిటైరయ్యారు. కూర్మన్నపాలెం దగ్గర ప్లాంటు క్వార్టర్‌లో ఉంటున్నారు, జూన్ నెలాఖరుకి ఖాళీ చేయాలి. భార్య విమలమ్మ ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కూతురు ఫెబా, ఇరవై ఏళ్ళ పిల్ల, ఫిబ్రవరిలో డెంగీతో పోయింది. ఇదంతా ఆయన వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పి, చొక్కా జేబులోంచి ఒక మందుల చీటీ తీశారు. దాని వెనక నీలం పెన్నుతో వరసగా ఆరు గుర్తులు. చుక్కలూ, వాటిని కలుపుతూ గీతలూ. చెయ్యి వణికిన గీతలు.

"దీన్ని పెద్దది చేసి ఇవ్వాలమ్మా. రాయి మీద బైబిలు వాక్యం కింద చెక్కించాలి" అన్నారు.

"ఏమిటండీ ఇవి?"

"అడ్రస్సు."

నేను మొహం చిట్లించి ఉంటాను. ఆయనే నెమ్మదిగా చెప్పారు. ఫెబా ఎనిమిదో తరగతి నుంచీ ఒక కథ రాసేది. అందులో నక్షత్రాలకీ నక్షత్రాలకీ మధ్య తలుపులుంటాయి. ఏ లోకానికి వెళ్ళాలన్నా తలుపు మీద ఆ లోకం అడ్రస్సు గీయాలి, ఆరు గుర్తులు, ఒక్కొక్కటీ ఒక నక్షత్ర మండలం. సరిగ్గా గీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. తండ్రికి షిఫ్టు డ్యూటీ కావడంతో ఇద్దరూ ఒకరికొకరు కనపడే రోజులు తక్కువ. అందుకని ఆ పిల్ల స్కూలుకీ, లైబ్రరీకీ, ఈ గోపాలపట్నంలోనే ఉండే మేనత్త గ్రేసీ ఇంటికీ తలా ఒక అడ్రస్సు పెట్టుకుంది. బయటికి వెళ్ళేటప్పుడు తండ్రి టిఫిన్ క్యారేజీ మీద ఆ గుర్తులున్న చీటీ అంటించి వెళ్ళేది. పెద్దయ్యాక ఆ ఆట ఆగిపోయింది. అలాంటిది ఆస్పత్రిలో ఆఖరి రోజు పెన్ను అడిగి మరీ ఇది గీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది ఏ లోకమో నోటుబుక్కుల్లో వెతికాను, దొరకలేదు. కొత్తదేదో పెట్టుకుని ఎళ్ళినట్టుంది. నా టైమొచ్చినప్పుడు నేను అక్కడికే కదమ్మా ఎళ్ళాలి. అడ్రస్సు తప్పు పోకూడదు" అన్నారు.

పాస్టరుగారు ఇదేం జాతకమా అని మొదట ఒప్పుకోలేదట. వాక్యం పెద్దక్షరాల్లో పైన, ఇవి చిన్నగా అడుగున అంటే సరేనన్నారట. నేను కాగితం పెద్దది చేసి ఇచ్చాను. నాకు నవ్వు రాలేదు, నమ్మకమూ రాలేదు. చచ్చిపోయినవాళ్ళు ఎక్కడికీ వెళ్ళరని నా అభిప్రాయం. పైకి మాత్రం అనలేదు.

సూరన్న ఆ కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. మిగతా అయిదు గుర్తులూ ఆయనకి తెలియవు. మొదటిది మాత్రం తెలుసు. అది తేలు. వేసవిలో దక్షిణాన నిలబడే ఆ తేలుని చూపించే తండ్రి ఆయనకి సముద్రం మీద దిక్కులు నేర్పాడు.

"ఈ తేలు తోక ఇలాగుండదమ్మా" అన్నాడు రేకు మీదుగా తల పెట్టి. "కుడేపుకి తిప్పీసినాది పిల్ల. తోక ఎడమేపు కదా ఒంపు తిరగాల. జొరంలో గీసినాది పాపం."

"ఉన్నది ఉన్నట్టు చెక్కు బాబాయ్."

"అడ్రస్సు తప్పు పోకూడదన్నాడు కదా ఆ బాబు. సదువంటే నాకు రాదు గానీ, సుక్కలు కూడా తెలీవేటి?"

నేను ఆపలేదు. ఆవేళ కాలేజీ పిల్లలు రికార్డులకోసం క్యూ కట్టారు, విసుగులో ఉన్నాను. ఆయన తోకని ఎడమ వైపుకి తిప్పి చెక్కాడు. ఎంత బాగా చెక్కాడంటే, ఆ నల్ల రాయి మీద తేలు ఇప్పుడే పాకుతుందేమో అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక తనకు చదవొచ్చిన గుర్తు ఒకటి రాయి మీదకి వచ్చిందని ఆయన సంబరం.

రాయి నిలబెట్టిన మర్నాడు విజయరత్నం గారు కొట్టుకి వచ్చారు. చీటీనీ, ఫోన్‌లో రాయి ఫోటోనీ పక్కపక్కన పెట్టి చూపించి, "తోక అటు తిప్పారెందుకు?" అని అడిగారు. సూరన్న గర్వంగానే చెప్పాడు. విజయరత్నం గారు ఫోటో చూస్తూ, చీటీ చూస్తూ అలాగే నిలబడ్డారు. హఠాత్తుగా ఏదో గుర్తొచ్చినట్టు మొహం మారిపోయింది. ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశారు. ఇంతకుముందు ఆ ఆరు గుర్తుల కోసమే తిరగేశారు గానీ చదవలేదట, ఈసారి ఫెబా మొట్టమొదటి నోటుబుక్కు తీసి చదివారట. మొదటి పేజీలోనే నియమం రాసి ఉంది. మొదటి గుర్తు ఎప్పుడూ తేలే. ఆకాశంలో కనిపించినట్టు ఉంటే వెళ్తున్నట్టు. అద్దంలోలా తిరగబడి ఉంటే వస్తున్నట్టు, ఎందుకంటే అవతలి నుంచి చూసేవాళ్ళకి తేలు అలాగే కనిపిస్తుంది. తర్వాతి అయిదూ, వెళ్తుంటే చేరే చోటు, వస్తుంటే బయల్దేరే చోటు.

"ఆ అయిదు గుర్తులూ ఆస్పత్రికి పెట్టుకుందమ్మా" అన్నారు. "ఎక్కడికో ఎళ్తన్నానని కాదు రాసింది. ఇంటికి వచ్చెత్తన్నాను నాన్నా అని రాసింది. ఆవేళ పొద్దుటి నుంచీ ఇంటికి తీసుకెళ్ళమని అడుగుతానే ఉంది. రేపు ఎళ్దాంలే అన్నాను. మర్నాడు ఆస్పత్రి నుంచి చర్చికీ, చర్చి నుంచి సమాధుల దొడ్డికీ. ఇంటికి తీసుకురానేలేదు."

నాకు తెలిసిన మాటలన్నీ కోపానికి పనికొచ్చేవే.

సూరన్నకి ఈ సంగతి చెప్పి తప్పు చేశాను. చెప్పకపోయినా తప్పే అయ్యేది. ఆ రోజు నుంచి ఆయన ఉలి చప్పుడు తగ్గిపోయింది. ఎన్నేళ్ళుగానో కోరుకున్న నిశ్శబ్దం నాకు దొరికింది, భరించలేకపోయాను.

"తల దగ్గర రాసుంటే ఆ పిల్ల అదే కదమ్మా సదువుకుంటాది" అన్నాడొకరోజు, బీడీ వెలిగించకుండానే పట్టుకుని. "ఇంటికెళ్దామని లేసినప్పుడల్లా నాను సెక్కింది కనబడతాది. ఎళ్ళిపో, ఎళ్ళిపో అని."

"బాబాయ్, ఆ పిల్ల లేదు. లేవదు. నువ్వు చెక్కింది రాయి."

"నీకు తెలీదులే."

తర్వాత ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతుంటే, భుజాన బ్యాగుతో ఒక పిల్ల ఆయన కొట్టు ముందు ఆగింది. "తాతా, కూర్మన్నపాలెం బస్సు ఎటువైపు ఆగుద్ది?" అని అడిగింది. అంతే. రోజుకి పదిమంది అడుగుతారు. సూరన్న చేతిలోంచి సుత్తి జారి పాదం పక్కన పడింది. ఫెబా ఇల్లున్నదీ కూర్మన్నపాలెంలోనే. నేనే బయటికి వచ్చి దారి చూపించాను. ఆ పిల్ల రోడ్డు దాటి వెళ్ళేదాకా ఆయన కన్నార్పలేదు. అది మామూలు పిల్ల, నేను కళ్ళారా చూశాను, చెవులకి ఇయర్‌ఫోన్లు కూడా ఉన్నాయి. అయినా ఆవేళ సాయంత్రం షట్టర్ దించుతుంటే ఎవరో వెనక నిలబడి దారి అడగబోతున్నట్టు అనిపించి రెండుసార్లు తిరిగి చూశాను. నా మీద నాకే మండింది.

మర్నాడు పొద్దున్నే సూరన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. "ఆ బాబింటికి ఎళ్ళాలమ్మా. ఒక్కణ్ణీ ఎళ్ళలేను, తోడు రా" అన్నాడు. షాపు మూసి వెళ్ళాను.

క్వార్టర్ తలుపు వేసి ఉంది. సూరన్న మెట్టు కిందే ఆగిపోయాడు. నేనే వెళ్ళి తట్టాను. నా గాజులు కూడా గలగలమన్నాయి.

లోపల కుర్చీ పడిన చప్పుడు. పరిగెత్తుకొచ్చే అడుగులు.

"వచ్చావా అమ్మా? గడియ తీస్తన్నాను, ఉండు, ఎళ్ళిపోకు."

దేన్నీ నమ్మని మనిషిని, ఆ క్షణంలో "వచ్చాను నాన్నా" అనబోయాను. నిజంగా నాలిక చివరిదాకా వచ్చింది. తలుపు తెరుచుకుంది. విజయరత్నం గారు నన్ను చూశారు, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు, తర్వాత పక్కకి జరిగి "రండి" అన్నారు.

లోపల సామాను ఒక్కటీ సర్దలేదు. ఫెబా మేనత్త గ్రేసీ గారు తన ఇంట్లో ఆయన కోసం గదికి సున్నం వేయించి ఉంచారట, రోజూ ఫోన్ చేస్తున్నారట. "ఎలా ఎళ్ళమంటారు? ఆ పిల్లకి ఈ ఇల్లే తెలుసు. వచ్చి తలుపు కొడితే ఎవరో కొత్తవాళ్ళు తీస్తే?" అన్నారు.

సూరన్న నేల మీదే కూలబడ్డాడు. "తప్పు నాదే బాబూ. పిల్ల రాసినట్టే మళ్ళీ సెక్కుతాను. కూలీ ఒద్దు, ఏటీ ఒద్దు."

"తోక ఒక్కటీ తిప్పగలరా?"

"ఒక్కటీ కుదరదు బాబూ. సెక్కింది పూడదు. రాయి ముఖం మొత్తం అరగదియ్యాల. పైనున్న వాక్యం, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అన్నీ పోతాయి. నున్నగా అయిపోద్ది. అప్పుడు మళ్ళీ మొదట్నించీ రాసుకోవాల."

విజయరత్నం గారు తలెత్తారు. నేను ఆయన్ని చూస్తున్న ఇన్ని రోజుల్లో ఆ మొహంలో మొదటిసారి ప్రాణం కనిపించింది. దాన్ని చూసే భయపడ్డాను.

"పోయిన తేదీ కూడా అరిగిపోద్దా?"

"పోద్ది బాబూ."

"అయితే అరగదియ్యండి. వాక్యం రాయండి, పేరు రాయండి, పుట్టిన తేదీ రాయండి. తేలుని పిల్ల గీసినట్టే గీయండి. రెండో తేదీ రాయకండి."

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. సూరన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

రాయి రెండు వారాల్లో తయారైంది. రెండో తేదీ ఉండాల్సిన జానెడు చోటుని సూరన్న మిగతా రాయికన్నా నున్నగా పాలిష్ పట్టాడు. నిలబెట్టిన రోజు నేనూ వెళ్ళాను. జూన్ వెళ్ళిపోయింది. క్వార్టర్ ఖాళీ చేయమని రెండు నోటీసులొచ్చాయట. విజయరత్నం గారు తలుపుకి గడియ పెట్టడం మానేశారు.