కానుగ చెట్టుకు కొత్త మహిమ

ఇందుమూలంగా అశోక్‌నగర్ వాసులకు తెలియజేయడమేమనగా, మన ఖాళీ స్థలంలోని కానుగ చెట్టుకు ఈ రోజు ప్రాణగండం తప్పింది.

పొద్దున కొత్త పార్కు గురించి మన సలహాలు అడగడానికి మున్సిపల్ ఆఫీసరుగారు మ్యాపు పట్టుకుని వచ్చారు. అందరూ బెంచీలు, నడక బాట అడిగారు. మ్యాపులో కానుగ చెట్టు ఉన్నచోట మాత్రం ఫౌంటెన్ గీసి ఉంది. ఆ నీడలోనే పాలమూరు యాదమ్మ ఇస్త్రీ బండి.

"చెట్టు కొడితే నేనేడికి పోవాలె సారూ?" అని ఆమె అడిగితే ఆయన వినిపించుకోలేదు.

నేను ఆయన చెవి దగ్గరికి చేరాను. "కొట్టుండ్రి సార్. మీకన్న ముందొచ్చిన సార్ గూడ కొడతనన్నడు. వారం తిరగకముందే ఆదిలాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ అయిండు."

"నిజమేనంటారా?"

"నాకేమెరుక సార్? చెట్టునే అడుగుండ్రి."

ఆయన రబ్బరు తీసి ఫౌంటెన్‌ను చెరిపేసి, గేటు పక్కన గీసుకున్నారు. యాదమ్మ నా చొక్కా లాక్కుని ఇస్త్రీ చేసి ఇచ్చింది.

సాయంత్రం ఆ మాట చెవినపడి మా వీధి లెక్కల మాస్టారు వచ్చారు. ఆయనకు సొంతూరికి బదిలీ కావాలట, చెట్టును ఏ వైపు ముట్టుకోవాలో అడిగారు. ఏం చెప్పమంటారో మీరే చెప్పండి. ఆ ముందొచ్చిన సారును ఈ పొద్దున నిలబడ్డచోటనే నేను పుట్టించాను.